బిడ్డ కంట్లోంచి తీసిన ముక్క ఎక్కడికి పోతుంది?

హోసూరులో, కృష్ణగిరిలో, డెంకణికోటలో, తళిలో, అటు అడవి అంచున అంచెట్టిలో, ఇంకా లోపలి పల్లెల్లో ఈ మాటలు వింటున్న అక్కలకు, అన్నలకు, అవ్వాతాతలకు చెబుతున్నాను. చంకన బిడ్డను వేసుకుని వింటున్న తల్లులు ఉంటే, మీకు మరీ ముఖ్యంగా.

ఈ రోజు పసిపిల్లల కంటికి వచ్చే ఒక క్యాన్సరు గురించి మాట్లాడబోతున్నాను. పసిబిడ్డ, క్యాన్సరు అనే రెండు మాటలు పక్కపక్కన వినగానే రేడియో కట్టేయాలనిపిస్తుంది. కట్టేయకండి. ఇది తొందరగా పట్టుకుంటే నయమయ్యే జబ్బు. బిడ్డ ప్రాణం దక్కుతుంది. చాలాసార్లు చూపు కూడా దక్కుతుంది. తొందరగా పట్టుకోవాలి, అంతే.

దాని పేరు రెటినోబ్లాస్టోమా. పేరు పెద్దది, గుర్తు పెట్టుకోకపోయినా పరవాలేదు. కంటి లోపల వెనకవైపు ఒక పల్చటి తెర ఉంటుంది. దాన్ని రెటినా అంటారు. మనం చూసే బొమ్మ ఆ తెర మీద పడుతుంది. ఆ తెరలోనే ఈ గడ్డ పుడుతుంది. ఎక్కువగా అయిదేళ్ళ లోపు పిల్లలకు వస్తుంది. సుమారు పదహారు, పద్దెనిమిది వేల మంది పుడితే వారిలో ఒకరికి. అంటే అరుదైనదే. కానీ మన దేశంలో పుట్టే పిల్లల సంఖ్య ఎంతో మీకు తెలుసు కదా. అందుకే ప్రపంచంలో ఏటా ఈ జబ్బు బయటపడే సుమారు 8,000 మంది పిల్లల్లో 1,500 మందికి పైగా మన దేశం పిల్లలే ఉంటారని అంచనా.

అంచెట్టి దాటి కొండ మీద ఒక ఊరు అనుకుందాం. పొద్దు గూకింది. ఇంట్లో ఒకే దీపం. అవ్వ ఒళ్ళో పెట్టుకున్న బిడ్డ పక్కకు చూసినప్పుడు కంటిపాపలో నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా మెరిసింది. పిల్లి కన్ను చీకట్లో మెరిసినట్టు. అవ్వ అంటుంది, "కంట్లో పువ్వు పడింది, ఆకుపసరు పిండితే పోతాది." ఎదురింటామె అంటుంది, "గ్రహణం నాడు బయటికి పోయినావేమో." ఇంకొకరు, "మేనరికం చేసుకుంటిరి కదా, అందుకే." ఇన్ని మాటల మధ్య తల్లి గొంతు పెగలదు. నెలలు గడిచిపోతాయి.

ఆ తల్లికి నేను చెప్పదలచుకున్నది ఇది. అమ్మా, గ్రహణం వల్ల ఇది రాలేదు. నువ్వు తిన్నదాని వల్ల రాలేదు. మేనరికం వల్ల కూడా రాలేదు. మేనరికంతో వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి, వాటి సంగతి వేరే. ఈ జబ్బుకూ దానికీ సంబంధం లేదు. నీ తప్పు ఏమీ లేదు. నువ్వు చేయాల్సిందల్లా బిడ్డను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం. ఈ వారంలోనే. పసరు వద్దు, తల్లిపాల చుక్కలు వద్దు.

గుర్తులు మళ్ళీ చెబుతాను. కంటిపాపలో తెల్లటి మెరుపు. సెల్‌ఫోనులో ఫ్లాష్‌తో ఫొటో తీస్తే ఒక కంట్లో ఎర్రగా, రెండో కంట్లో తెల్లగా కనబడటం. కొత్తగా మెల్ల రావడం. ఈ మూడింటిలో ఏది కనబడినా ఆలస్యం చేయకండి. అది క్యాన్సరే అయి ఉండాలని లేదు. శుక్లం కావచ్చు, మరొకటి కావచ్చు. కానీ చూడాల్సింది డాక్టరు, మనం కాదు.

ఆలస్యం ఎంత పని చేస్తుందో ఒక పెద్ద అధ్యయనం చూపించింది. 2017లో 153 దేశాల్లో ఈ జబ్బు బయటపడిన 4,351 మంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చారు. 2020లో ఫలితం ప్రచురించారు. ధనిక దేశాల్లో జబ్బు బయటపడే నాటికి బిడ్డ వయసు సుమారు పద్నాలుగు నెలలు. బాగా పేద దేశాల్లో సుమారు ముప్పై నెలలు. ఏడాది పైన తేడా. అంతలో గడ్డ పెరుగుతుంది. ఆ పేద దేశాల్లో దాదాపు సగం మంది పిల్లలకు అప్పటికే అది కన్ను దాటి బయటికి పోయింది. ధనిక దేశాల్లో అలా అయినవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు.

వైద్యం ఉంది. మందులు ఉన్నాయి, లేజరు ఉంది, గడ్డను చలితో చంపే వైద్యం ఉంది. ఇచ్చే మందుల్లో ఒకటి విన్‌క్రిస్టిన్. అది బిళ్ళగన్నేరు మొక్కలోంచి వచ్చింది. మన వాకిళ్ళలో, సమాధుల దగ్గర పూసే ఆ మొక్కే. అలాగని ఎవరూ ఆకులు నూరి పోయకండి. దాంట్లోంచి మందును వేరు చేసి, కొలిచి, నరంలోకి ఎక్కిస్తారు. ఆకుగా అది విషం.

కన్నును కాపాడటానికి డాక్టర్లు చేయగలిగినదంతా చేస్తారు. కానీ గడ్డ కంటినంతా ఆక్రమించి ఉంటే, ప్రాణం దక్కాలంటే కన్ను తీసేయాల్సి వస్తుంది. ఆ మాట విన్న తల్లిదండ్రుల పరిస్థితి నేను మాటల్లో చెప్పలేను. కొందరు ఆ మాటకే భయపడి బిడ్డను ఎత్తుకుని ఊరికి తిరిగొచ్చేస్తారు. అలా వచ్చేయకండి. ఒక కన్ను తీసేసినా రెండో కంటితో బిడ్డ చదువుతుంది, ఆడుకుంటుంది, అందరిలా పెరుగుతుంది. తీసిన చోట కృత్రిమ కన్ను పెడతారు.

ఇప్పుడు నేను అసలు మాటకు వస్తున్నాను. అలా తీసిన కన్ను ఎక్కడికి పోతుంది?

ముందు పాథాలజీ ల్యాబుకు పోతుంది. అక్కడి డాక్టరు మొట్టమొదట చూసేది కంటి వెనక నుంచి మెదడు వైపు పోయే నరాన్ని. కోసిన చోట ఆ నరం చివర క్యాన్సరు కణాలు ఉన్నాయా లేవా? ఉంటే బిడ్డకు ఇంకా గట్టి వైద్యం కావాలి. కంటి గోడలోకి పాకిందా అని కూడా చూస్తారు. ఇది బిడ్డ కోసం చేసే పరీక్ష. దీనికే మొదటి చోటు.

ఆ పరీక్షకు కావాల్సినది పక్కన పెట్టాక కొంత గడ్డ మిగులుతుంది. గోరంత ముక్క. దాన్ని పారేయవచ్చు. లేదా దాచవచ్చు. బిడ్డ తల్లిదండ్రుల అనుమతితో, పద్ధతి ప్రకారం, పరిశోధన కోసం దాచే చోటునే బయోబ్యాంకు అంటారు.

బ్యాంకు అన్నారు కదా అని డబ్బుతో పోల్చుకోకండి. నేత్రదానం చేసే ఐ బ్యాంకు కూడా కాదు. నేత్రదానం మనిషి చనిపోయాక చేస్తారు. కంటి ముందున్న అద్దంలాంటి పొరను మరొకరికి పెడతారు, వాళ్ళకు చూపు వస్తుంది. బయోబ్యాంకులో దాచినదాన్ని ఎవరికీ పెట్టరు. దాన్ని చదువుతారు. ఈ జబ్బు ఎలా పుట్టింది, ఎందుకు ఒక బిడ్డకు మందు పనిచేసింది, మరో బిడ్డకు ఎందుకు పనిచేయలేదు అని దాన్ని అడుగుతారు.

దాచడం తేలిక కాదు. ముక్క పాడవకముందే, ఆపరేషను అయిన కొద్దిసేపట్లోనే తీయాలి. కొంత భాగాన్ని మందులో నానబెట్టి మైనపు దిమ్మెలో పొదుగుతారు. కొంత భాగాన్ని సున్నాకు 80 డిగ్రీల కింద చలిలో పెడతారు. ఇంకా ఎక్కువ కాలం ఉండాలంటే ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకు 196 డిగ్రీల కింద. కరెంటు పోతే జనరేటరు ఉండాలి. చలి తగ్గితే అర్ధరాత్రి అయినా అలారం మోగాలి, ఎవరో ఒకరు లేచి పరుగెత్తాలి. ముక్కతో పాటు కాస్త రక్తం కూడా దాస్తారు. డబ్బీ మీద బిడ్డ పేరు ఉండదు, ఒక గుర్తు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకు ఎదురుగా బిడ్డ వయసు, ఏ కన్ను, ఏ మందు ఇచ్చారు, తరవాత ఎలా ఉంది అనే వివరాలు. ఈ వివరాలు లేకపోతే ఆ ముక్క ఎందుకూ కొరగాదు.

మరి క్యాన్సరు పరిశోధనకు దారులు చాలా ఉన్నాయి కదా, ఈ కంటి గడ్డను ఇంత జాగ్రత్తగా దాచడం దేనికి అని మీరు అడగవచ్చు. రెండు కారణాలు.

మొదటిది, ఈ గడ్డను మధ్యలో గిల్లి చూడటానికి లేదు. రొమ్ములో గడ్డ ఉంటే సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపుతారు. కంట్లో ఈ గడ్డను సూదితో పొడిస్తే, సూది దారి వెంట క్యాన్సరు కణాలు కన్ను దాటి బయటికి రావచ్చు. అందుకే డాక్టర్లు పొడవరు. కంటి లోపల చూసి, స్కాను చూసి నిర్ణయిస్తారు. కాబట్టి గడ్డ చేతికి వచ్చేది కన్ను తీసేసిన రోజే. ఆ ఒక్క రోజు దాటితే మళ్ళీ దొరకదు.

రెండోది, జబ్బు అరుదైనది. ఒక ఆసుపత్రికి ఏడాదికి కొద్దిమంది పిల్లలు వస్తారు. కొద్దిమందిని చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. ఎన్నో ఊళ్ళ నుంచి, ఎన్నో ఏళ్ళ పాటు దాచి, ఒకచోట పెట్టి చూడాలి. మళ్ళీ చెబుతున్నాను. గడ్డను గిల్లి చూడలేం. పిల్లలు తక్కువమంది. అందుకే దొరికిన ప్రతి ముక్కా విలువైనదే.

ఇలా ముక్కలనూ వివరాలనూ దాచినందువల్ల ఏం తెలిసిందో ఇప్పుడు వినండి.

1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే అమెరికా డాక్టరు ఈ జబ్బు వచ్చిన 48 మంది పిల్లల కేసు కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. వయసెంత, ఒక కన్నా రెండు కళ్ళా, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా. ఇవే వివరాలు. వాటిని లెక్క కట్టి ఒక మాట చెప్పారు. మన ప్రతి కణంలోనూ ఈ జబ్బును ఆపే కావలివాళ్ళు ఇద్దరు ఉంటారు. ఒకరు అమ్మ నుంచి, ఒకరు నాన్న నుంచి వచ్చినవాళ్ళు. ఒకరు పడిపోయినా రెండోవారు కాపలా కాస్తారు. ఇద్దరూ పడిపోతేనే ఆ కణం అదుపు తప్పి గడ్డవుతుంది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఒక్క కావలివాడే ఉంటాడు, ఒంట్లో ప్రతి కణంలోనూ అంతే. వాళ్ళకు చాలా తొందరగా, తరచుగా రెండు కళ్ళకూ వస్తుంది. మిగతావాళ్ళకు ఒకే కంట్లో, ఏదో ఒక కణంలో ఇద్దరూ పడిపోతారు. అది ఆ కంటితోనే ఆగిపోతుంది, వంశానికి పోదు.

పదిహేనేళ్ళ తరవాత, 1986లో, ఆ కావలివాళ్ళ పని చేసే జన్యువు దొరికింది. బోస్టన్‌లో థాడియస్ డ్రయ్‌జా అనే కంటి డాక్టరు పిల్లల కంటి గడ్డల్లోని డీఎన్‌ఏను పరిశీలిస్తూ వచ్చారు. రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబులో స్టీఫెన్ ఫ్రెండ్‌తో కలిసి ఆ గడ్డల్లో ఏది పోయిందో వెతికి పట్టుకున్నారు. దానికి ఆర్‌బీ1 అని పేరు. క్యాన్సరును ఆపే జన్యువును మనిషి చేత్తో పట్టుకోవడం అదే మొదలు. ఆ తరవాత అదే జన్యువు ఊపిరితిత్తుల క్యాన్సరులో, ఎముకల క్యాన్సరులో కూడా చెడిపోయి కనబడింది. పసిపిల్లల కంట్లోంచి తీసిన ముక్కలు పెద్దవాళ్ళ క్యాన్సర్ల గుట్టు కూడా విప్పాయి. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ పిల్లలకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఇంకొక సంగతి. కెనడాలోని టొరంటోలో బ్రెండా గ్యాలీ అనే డాక్టరమ్మ, ఇంకా కొన్ని దేశాల ల్యాబుల వాళ్ళు కలిసి 1,068 మంది పిల్లల గడ్డలను పరీక్షించారు. అందరికీ ఒక కంట్లోనే జబ్బు, ఇంట్లో ఇంకెవరికీ లేదు. దాదాపు అన్నింటిలో ఆ కావలి జన్యువు చెడిపోయి ఉంది. అనుకున్నదే. కానీ 29 గడ్డల్లో అది చెక్కుచెదరలేదు. కావలివాళ్ళిద్దరూ నిలబడే ఉన్నారు, అయినా క్యాన్సరు వచ్చింది. ఎలా? ఆ 29లో దాదాపు సగంలో, అంటే 15 గడ్డల్లో, ఎమ్‌వైసీఎన్ అనే వేరే జన్యువు లెక్కకు మించి పెరిగిపోయి ఉంది. ఇది వేరే జాతి గడ్డ. వచ్చింది కూడా మరీ పసికందులకు, నాలుగైదు నెలల వాళ్ళకు. 2013లో ఈ సంగతి ప్రచురించారు. ఇలాంటి బిడ్డ తమ్ముడికో చెల్లికో ఈ జబ్బు వస్తుందేమో అని భయపడాల్సిన పనిలేదు.

ఇప్పుడు ఆలోచించండి. వెయ్యిమందికి పైగా వెతికితే దొరికింది పదిహేను. ఏడాదికి యాభై మంది పిల్లలను చూసే పెద్ద ఆసుపత్రి కూడా ఒంటరిగా వెతికితే, ఏడాదికి ఒక్కటి కూడా తగలకపోవచ్చు. తగిలినా ఇదేదో వింత అనుకుని వదిలేస్తారు. అన్నీ ఒకచోట దాచారు కాబట్టే అది వింత కాదని, ఒక రకమని తెలిసింది.

2021లో ఫ్రాన్సులోని క్యూరీ సంస్థ వాళ్ళు 102 గడ్డలను దగ్గర పెట్టుకుని ఇంకో మాట చెప్పారు. పైకి ఒకే జబ్బులా కనిపించే ఇందులో రెండు రకాలు ఉన్నాయని, రెండో రకం పాకిపోయే గుణం ఎక్కువ ఉన్నదని. ఏ బిడ్డది ఏ రకమో ముందే తెలిస్తే, ఎవరికి గట్టి మందు కావాలో, ఎవరికి అక్కర్లేదో తెలుస్తుంది. పసి ఒంటికి అక్కర్లేని మందు తప్పించడం కూడా వైద్యమే.

మన తెలుగు నేల మీద కూడా ఈ పని జరిగింది. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది కదా. అక్కడ చిత్రా కన్నబిరాన్, గీతా వేముగంటి, సంతోష్ హోనవర్ తదితరులు మన పిల్లల్లో ఆ ఆర్‌బీ1 జన్యువు ఎక్కడెక్కడ చెడిపోయిందో వెతికారు. 2003లో ప్రచురించిన ఆ పరిశోధనలో, అంతకుముందు ఎక్కడా నమోదు కాని ఎనిమిది మార్పులు కనబడ్డాయి. అవి మన పిల్లలను చూస్తేనే దొరికాయి. ఇంకెక్కడో పిల్లలను చూసి మన పిల్లల జబ్బు అంతా తెలుసుకున్నాం అనుకోవడానికి లేదు. చెన్నైలో శంకర నేత్రాలయ, మదురైలో అరవింద్, బెంగళూరులో నారాయణ నేత్రాలయ, ఇవన్నీ ఈ గడ్డ మీద పరిశోధన చేస్తున్న చోట్లే. హోసూరు వాళ్ళకు బెంగళూరు పక్కనే. దేశమంతటి జనం జన్యువుల లెక్క తీసిన జీనోమ్ ఇండియా కోసం 20,000 మంది రక్తం దాచిన బయోబ్యాంకు కూడా ఆ బెంగళూరులోనే, భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో ఉంది. దాచే చదువు, దాచే చోటు మన దగ్గర ఉన్నాయి.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పాలి. ధనిక దేశాల్లో జబ్బును తొందరగా పట్టుకుంటారు. అక్కడ కన్ను తీయడం తగ్గింది. అది మంచిదే, మన దగ్గర కూడా అలా కావాలి. కానీ నేటికీ ముదిరిన గడ్డతో వచ్చే పిల్లలు మనవాళ్ళు. ముదిరిన గడ్డ ఎలా ప్రవర్తిస్తుందో, ఏ మందుకు లొంగుతుందో తెలియాల్సింది మన పిల్లల కోసం. ఆ ముక్కలు బ్యాంకుల్లో లేకపోతే, రేపు వచ్చే మందు మన పిల్లలకు ఎంత పనిచేస్తుందో ఎవరు చెప్పగలరు? ఎక్కువ కష్టం మనది. ఆ కష్టం నుంచి వచ్చే తెలివి కూడా మన పిల్లలకు అందాలి.

పరిశోధన, రేపటి పిల్లలు, ఇదంతా సరే. మా బిడ్డకు ఏమిటి లాభం అని ఒక తండ్రి అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఉంది.

ఆ కొండ మీది ఊరి బిడ్డే అనుకుందాం. ఏడాదిన్నర వయసులో ఒక కన్ను తీశారు. ప్రాణం దక్కింది. ఆమెకు ఒక తమ్ముడు పుట్టాడు. వాడికీ వస్తుందా? తెలియకపోతే ఏం చేస్తారు? వాడిని కొన్నేళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి తీసుకుపోవాలి. పసివాడు కదలకుండా ఉండడు కాబట్టి చాలాసార్లు మత్తు ఇచ్చి కన్ను చూడాలి. అంచెట్టి నుంచి డెంకణికోట, అక్కడి నుంచి హోసూరు, అక్కడి నుంచి బెంగళూరు. కూలి పోతుంది. బస్సు ఖర్చు. పస్తుంచిన బిడ్డ ఏడుపు.

అక్క కంట్లోంచి తీసిన గడ్డ దాచి ఉంటే? దాంట్లో ఆ జన్యువు సరిగ్గా ఎక్కడ చెడిందో కనిపెట్టవచ్చు. తరవాత అదే చెడు అక్క రక్తంలో ఉందా అని చూడవచ్చు. రక్తంలో కనబడకపోతే జబ్బు దాదాపుగా ఆ కంటికే పరిమితం. తమ్ముడికి ఆ ప్రయాణాలు, ఆ మత్తు తప్పిపోతాయి. రక్తంలో ఉంటే, తమ్ముడి రక్తంలో కూడా ఉందేమో చూస్తారు. వాడికి ఉంటే పుట్టిన మొదటి వారాల నుంచే కనిపెట్టుకుని ఉంటారు, మిరియపు గింజంత గడ్డ దగ్గరే లేజరుతో ఆపేస్తారు. కన్ను నిలబడుతుంది.

కథ అక్కడితో ఆగదు. ఆ బిడ్డ పెరిగి పెద్దదవుతుంది. పెళ్ళవుతుంది. కడుపు పండుతుంది. పుట్టుకతోనే ఆ చెడు ఉన్న మనిషికి పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఇరవై అయిదేళ్ళ కింద దాచిన ముక్క అప్పుడు ఆ కడుపులోని బిడ్డకు పనికొస్తుంది. అందుకే అంటున్నాను, దాచడం ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళ కోసమే కాదు. మీ ఇంటి కోసం కూడా.

ఇప్పుడు అనుమతి సంగతి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

మనం హోసూరు చుట్టుపక్కల మొరసునాటి వాళ్ళం. ఇంట్లో తెలుగు. బడిలో తమిళం. సంతలో కన్నడం కూడా. పెద్ద జబ్బు వస్తే బెంగళూరు పోతాం, అక్కడ కాగితం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చెన్నై పోతే తమిళంలోనో ఇంగ్లీషులోనో. బిడ్డ కన్ను తీస్తామన్న రోజున, ఏడ్చి ఏడ్చి ఉన్న తల్లి చేతికి అలాంటి కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే దాన్ని అనుమతి అనడానికి నాకు మనసు రాదు.

1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి గర్భాశయ ద్వారం క్యాన్సరుతో ఆసుపత్రికి పోయింది. ఆమె గడ్డలోంచి కొంత తీసి ల్యాబులో పెంచారు. ఆ కణాలు ఈ రోజుకీ ప్రపంచమంతా ల్యాబుల్లో ఉన్నాయి. వాటివల్ల ఎంతో మేలు జరిగింది. కానీ ఆమెను అడగలేదు. ఆమె బిడ్డలకు ఏళ్ళ తరబడి తెలియనే తెలియదు. మేలు జరిగినా ఆ తప్పు తప్పే.

అందుకే ఇప్పుడు నియమాలు ఉన్నాయి. మన భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బయోబ్యాంకులకు ఒక అధ్యాయమే ఉంది. తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రానివాళ్ళయితే ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఏడేళ్ళు దాటిన బిడ్డను కూడా అడగాలి, వాళ్ళు ఊఁ అనాలి. ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండాక మళ్ళీ అడగాలి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే ఏ పరిశోధనా మొదలు కాకూడదు.

మీకు వచ్చే అనుమానాలకు ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను. ముక్క కోసం కన్ను తీస్తారా? తీయరు. కన్ను తీసేది ప్రాణం కోసమే, ముక్క ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ నిర్ణయం మారదు. ఇవ్వం అంటే వైద్యం ఆపేస్తారా? ఆపకూడదు, అది నియమం. మా బిడ్డ పేరు బయటికి వస్తుందా? డబ్బీ మీద సంఖ్యే ఉంటుంది, పేరు వేరేచోట తాళంలో ఉంటుంది. ఇచ్చాక మనసు మారితే? వెనక్కి తీసుకోవచ్చు. అప్పటికే జరిగిపోయిన పరీక్షల ఫలితాలను మాత్రం వెనక్కి తేలేరు. ముక్కను విదేశాలకు పంపుతారా, కంపెనీలకు ఇస్తారా? దీన్ని మీరు నోరు తెరిచి అడగాలి. జవాబు చెప్పడం వాళ్ళ బాధ్యత.

డాక్టర్లు కూడా ఎవరైనా వింటూ ఉంటే, వాళ్ళకు నా విన్నపం ఒకటి. ఆపరేషను రోజు పొద్దున్న అడగకండి. ముందే చెప్పండి. ఒక రాత్రి గడువు ఇవ్వండి. ఇంట్లో అవ్వతోనూ మామతోనూ మాట్లాడుకోనివ్వండి. మీ ఆసుపత్రిలో తెలుగు మాట్లాడే నర్సమ్మ ఒకరు తప్పకుండా ఉంటారు, ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టండి.

ఇంకొక ఆశ కలిగించే సంగతి. గడ్డను పొడవకూడదు అన్నాను కదా. కానీ కంటి ముందు భాగంలో నీరు ఉంటుంది, ఆ నీటిలో గడ్డ నుంచి రాలిన డీఎన్‌ఏ తేలుతూ ఉంటుందని 2017లో లాస్ ఏంజెలస్ పిల్లల ఆసుపత్రిలో జెస్సీ బెర్రీ బృందం చూపించింది. కంట్లోకి మందు ఎక్కించే సమయంలో ఎలాగూ కొంచెం నీరు తీస్తారు. ఒకటి రెండు చుక్కలు చాలు. అంటే కన్ను తీయకుండానే గడ్డ సంగతి తెలుసుకునే దారి తెరుచుకుంటోంది. రేపటి బయోబ్యాంకుల్లో గడ్డ ముక్కల పక్కన ఈ నీటి చుక్కలు కూడా ఉంటాయి. ఏ చుక్కలో ఏ మార్పు ఉంటే ఏ కన్ను నిలిచింది, ఏది నిలవలేదు అని సరిపోల్చి చూడాలంటే, మళ్ళీ ఎంతోమంది పిల్లల నమూనాలు కావాలి.

చివరగా ఒక పని చెబుతాను. మన పల్లెల్లో చిన్నప్పుడు ఈ జబ్బుకు కన్ను తీయించుకుని బతికి బయటపడ్డవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు కాలేజీకి పోతూ ఉండవచ్చు, పెళ్ళి కుదురుతూ ఉండవచ్చు, ఒళ్ళో బిడ్డ ఉండవచ్చు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటివాళ్ళు ఉంటే ఈ మాట వాళ్ళకు చేర్చండి. చాలా ఆసుపత్రుల్లో మైనపు దిమ్మెలను ఏళ్ళ తరబడి ఉంచుతారు. ఆపరేషను నాటి కాగితాలు ట్రంకు పెట్టెలో ఎక్కడో ఉంటాయి, వెతకండి. వాటిని పట్టుకుని అదే ఆసుపత్రికి పోయి, "మా దిమ్మె ఉందా, జన్యు పరీక్ష చేయవచ్చా" అని అడగండి. దిమ్మె దొరక్కపోయినా రక్తపరీక్ష ఉంది. అది కూడా వీలుకాకపోతే, పుట్టిన బిడ్డ కళ్ళను మొదటి వారాల్లోనే చూపించండి. అడగడానికి మొహమాటపడకండి, భాష రాదని వెనక్కి తగ్గకండి. తెలుగులోనే అడగండి.